ఒక దేశపు కరెంటులో బొగ్గు, గ్యాసుల వాటా ఎంతో మీరే తేల్చుకోవడం ఎలా

మా మేనకోడలు ఒక రాత్రి ఫోను చేసింది. "మామయ్యా, ఒకే దేశం గురించి రెండు చోట్ల చదివాను. ఒక చోట విద్యుత్ రంగంలో సగం శిలాజేతరమే, అంటే బొగ్గు, గ్యాసు, చమురు కానిదే అని రాశారు. ఇంకో చోట కరెంటులో నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోందని రాశారు. వీళ్లలో అబద్ధం ఎవరిది?"

ఎవరిదీ కాదన్నాను. ఒకరు బావి లోతు చెప్పారు, ఇంకొకరు చేదిన నీళ్లు కొలిచారు. ఆ పిల్ల కాలేజీలో మాట్లాడాల్సిన అంశం అది. ఫోనులో గంటసేపు చెప్పినా తెమలలేదు. చివరికి నోటుపుస్తకం తెచ్చుకొమ్మని కూర్చోబెట్టి రాయించాను. ఆ రాయించిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. ఏ దేశానికైనా పనికొస్తుంది.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రంలో 26 ఏళ్లు కంట్రోల్ రూములో షిఫ్టులు చేసి రిటైరయ్యాను. బొగ్గు మీద నాకు కోపం లేదు, నా పిల్లల చదువులు దాని మీదే గడిచాయి. వల్లమాలిన ప్రేమా లేదు, దాని బూడిద మా ఇంట్లో ఒక్క తువ్వాలును కూడా తెల్లగా ఉండనివ్వలేదు. కానీ ఎవరైనా మెగావాట్లు చూపించి అవే యూనిట్లు అన్నట్టు మాట్లాడితే మాత్రం చెవిలో జోరీగ దూరినట్టు ఉంటుంది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. నోటుపుస్తకం, పెన్సిలు, కాలిక్యులేటర్, ఒక తీరిక మధ్యాహ్నం. అంకెలు మాత్రం రెండు రకాలవి సంపాదించాలి. ఏ ఇంధనం నుంచి ఏడాదికి ఎన్ని యూనిట్లు పుట్టాయో చెప్పే పట్టిక ఒకటి, కనీసం పదేళ్లది. ఒక రోజులో గంటగంటకూ ఏది ఎంత ఇచ్చిందో చెప్పే పట్టిక ఇంకొకటి. మొదటిదాన్ని ఎంబర్ అనే సంస్థా, అంతర్జాతీయ ఇంధన సంస్థా చాలా దేశాలకు తయారుచేసి పెడతాయి. రెండోది ఆ దేశపు గ్రిడ్‌ను నడిపే సంస్థ దగ్గర వెతకాలి. పెన్సిలే ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ప్రశ్న సరిచూసుకోండి

కరెంటు, ఇంధనం రెండూ ఒకటే అనుకుని మాట్లాడేవాళ్లు ఎక్కువ. బస్సు తాగే డీజిలు, ఇనుప ఖనిజాన్ని కరిగించే బొగ్గు, చలిదేశాల్లో ఇళ్లను వెచ్చబరిచే గ్యాసు, ఇవన్నీ దేశం వాడే మొత్తం ఇంధనం కిందికి వస్తాయి. కరెంటు లెక్కలోకి రావు. ప్రపంచం వాడే మొత్తం ఇంధనంలో శిలాజ ఇంధనాల వాటా 80 శాతం దాకా ఉంటుంది. ప్రపంచంలో పుట్టే కరెంటులో మాత్రం 60 శాతం దగ్గర ఉంటుంది, 2024లో అంతకంటే కొంచెం కిందికే దిగింది. మీ చేతికి వచ్చిన అంకె ఏ లెక్కదో మొదట చూడండి. చూడకుండా రాసేస్తే ఇరవై శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది.

అమ్మేదీ కాల్చేదీ కూడా ఒకటి కాదు. నార్వే చమురు, గ్యాసు తవ్వి ఇతర దేశాలకు అమ్ముతుంది. కానీ తన ఇళ్లలో దీపాలు వెలిగేది దాదాపు పూర్తిగా జలవిద్యుత్తుతో, మిగతాది చాలావరకు గాలితో. "చమురు దేశం కాబట్టి కరెంటూ చమురుదే అయ్యుంటుంది" అనుకుంటే నార్వే దగ్గరే బోల్తా పడతాం.

మెగావాట్లు కొట్టేసి యూనిట్లు రాయండి

మెగావాటు అనేది కేంద్రానికి ఉన్న సత్తా. యూనిట్ అనేది అది నిజంగా ఇచ్చిన సరుకు. (మా కేంద్రాల్లో బాయిలరు, టర్బైను కలిసిన సెట్టును కూడా యూనిట్ అనే అంటాం, దాంతో కొత్తవాళ్లు తికమక పడతారు. ఇక్కడ నేను చెప్పేది మీటరులో తిరిగే యూనిట్ గురించి, అంటే ఒక కిలోవాట్ అవర్.) ఒక మెగావాటు గంటసేపు నిండుగా నడిస్తే వెయ్యి యూనిట్లు వస్తాయి. ఏడాదికి 8,760 గంటలు. ఏడాదంతా ఒక్క క్షణం ఆగకుండా నడిస్తే 87 లక్షల 60 వేల యూనిట్లు.

అలా ఏళ్ల తరబడి నడిచిన కేంద్రం నేను చూడలేదు. ఒక వానాకాలపు రాత్రి సంగతి చెబుతాను. మాది 210 మెగావాట్ల సెట్టు. తడిసిన బొగ్గు, దాన్ని నిలవ ఉంచే బంకరు గోడలకు జిగటమట్టిలా పట్టేసింది. కింద బొగ్గును అందించే ఫీడరు ఉత్తగా తిరుగుతోంది, దాన్ని పొడి చేసే మిల్లులోకి బొగ్గు పడటం లేదు. నలుగురు మనుషులు పెద్ద సుత్తులతో బంకరును బాదుతున్నారు. బాదినప్పుడల్లా ఒక పెళ్ల ఊడి పడుతుంది, మళ్లీ ఆగిపోతుంది. ఒక మిల్లు ఆగింది, కాసేపటికి రెండోదీ ఆగింది. నా ముందున్న మీటరులో ముల్లు 205 నుంచి 160కి, అక్కడి నుంచి 118కి జారింది. ఏ కేంద్రం ఎంత ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "మీది 210 కదండీ, ఇంతేనా?" అని అవతలి గొంతు. "210 గోడ మీద రాసి ఉందండీ, బాయిలరులో ఉన్నది 118" అన్నాను. తెల్లవారేదాకా ముల్లు అక్కడే ఉంది. దేశం మొత్తం సామర్థ్యం చూపించే పట్టికలో మాత్రం ఆ రాత్రి కూడా మేము 210 మెగావాట్లే.

బొగ్గు కేంద్రం సంగతే ఇలా ఉంటే, సూర్యుడి మీద ఆధారపడే పలకల సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రి ఉంటుంది, మబ్బు పడుతుంది, ఉదయం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది. అన్నీ కలుపుకుంటే సౌర కేంద్రం తన సత్తాలో ఏడాది మొత్తం మీద 15 నుంచి 25 శాతం ఇస్తుంది. నేల మీద పెట్టిన గాలిమరలు 25 నుంచి 40 శాతం దాకా ఇస్తాయి. అణు కేంద్రం బాగా నడిస్తే 80, 90 శాతం. బొగ్గు కేంద్రాలు దేశాన్ని బట్టి, వయసును బట్టి 50 నుంచి 80 మధ్య. ఈ శాతాన్నే మేము ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్, పొట్టిగా పీఎల్ఎఫ్ అంటాం.

ఇప్పుడు నోటుపుస్తకంలో ఒక ఊహా దేశాన్ని వేసుకోండి. అక్కడ 50,000 మెగావాట్ల బొగ్గు కేంద్రాలు, 50,000 మెగావాట్ల సౌర కేంద్రాలు ఉన్నాయి. ఇంకేమీ లేవు. సామర్థ్యంలో చెరి సగం, ఏ సభలో చెప్పినా చప్పట్లు పడతాయి. బొగ్గు 70 శాతం పీఎల్ఎఫ్‌తో నడిచిందనుకుంటే ఏడాదికి 30,660 కోట్ల యూనిట్లు. సౌరం 20 శాతంతో ఇస్తే 8,760 కోట్ల యూనిట్లు. మొత్తం 39,420 కోట్లు. అందులో బొగ్గు వాటా దాదాపు 78 శాతం. సగం అన్నది కళ్లముందే నాలుగింట మూడు వంతులు దాటిపోయింది. అంకెలు మార్చి మీరే రెండు మూడు సార్లు కట్టి చూడండి. చేత్తో ఒకసారి కట్టినవాడు జన్మలో మెగావాట్లకు మోసపోడు.

మేనకోడలు చదివిన దేశం మనదే. భారతదేశంలో స్థాపిత సామర్థ్యంలో శిలాజేతర వాటా 2025 జూన్ నాటికి సగానికి చేరింది. పెద్ద జలవిద్యుత్ కేంద్రాలు, అణు కేంద్రాలు కూడా అందులో కలిసి ఉన్నాయి. అంతకు ముందటి ఏడాది, 2024లో, దేశంలో పుట్టిన కరెంటులో బొగ్గు వాటా నాలుగింట మూడు వంతుల దగ్గర ఉంది. రెండూ నిజాలే. చైనాలోనూ ఇదే వరస. 2025 మొదట్లో గాలి, సౌర సామర్థ్యాలు కలిపి థర్మల్ సామర్థ్యాన్ని దాటిపోయాయి. కానీ 2024లో అక్కడ పుట్టిన యూనిట్లలో సగానికి పైగా బొగ్గువే.

సామర్థ్యం అంకె పనికిరానిదని కాదు. దేశం ఎటు నడుస్తోందో అది చెబుతుంది. ఎక్కడ ఉందో మాత్రం చెప్పదు.

ఏ వరసలో ఏది వేయాలి

పట్టికలో ఇలా వరసలు గీయండి: బొగ్గు, గ్యాసు, చమురు, అణు, జల, గాలి, సౌర, జీవ ఇంధనాలు, భూమిలోని వేడి, ఇతరం. లిగ్నైటును బొగ్గులోనే కలపండి. మొదటి మూడూ కలిపితే శిలాజం. ఎస్టోనియాలో నూనెరాయిని కాలుస్తారు, ఐర్లండ్‌లో మొన్నమొన్నటి దాకా పీట్ అనే బురదనేల ఎండుమట్టిని కాల్చేవారు. ఇలాంటివి "ఇతరం"లో దాక్కుంటాయి కానీ శిలాజం పక్కకే చేర్చాలి.

మాటల దగ్గర మోసపోకండి. శిలాజేతరం అంటే అణువిద్యుత్తు కూడా కలిసి ఉంటుంది. పునరుత్పాదకం అంటే అణు ఉండదు. స్వచ్ఛం అంటే ఎవరి ఇష్టం వారిది. కొందరు గ్యాసును కూడా అందులో వేసేస్తారు, ఆ పట్టికను అక్కడే మూసేయవచ్చు. థర్మల్ అనే మాట ఇంకో చిక్కు. వేడితో ఆవిరి పుట్టించే ప్రతిదీ థర్మలే కాబట్టి కొన్ని దేశాల పట్టికల్లో కలప, చెరకుపిప్పి కాల్చే కేంద్రాలు కూడా ఆ వరసలోనే ఉంటాయి. బ్రిటన్‌లో డ్రాక్స్ అనే పెద్ద కేంద్రం బొగ్గు మానేసి కలప గుళికలు కాల్చడం మొదలుపెట్టింది. అది నిజంగా మేలా కాదా అన్న వాదన అక్కడ చాలాకాలంగా నడుస్తోంది. ఆ వాదన మన పట్టిక తీర్చేది కాదు. దాన్ని జీవ ఇంధనాల వరసలో విడిగా వేసి ఊరుకోండి.

బ్యాటరీలకూ, నీళ్లు ఎత్తిపోసి మళ్లీ వదిలే జల కేంద్రాలకూ వరస గీయొద్దు. అవి కరెంటును పుట్టించవు, దాచి ఇస్తాయి. నూరు దాస్తే నూరూ తిరిగి ఇవ్వవు. ఎత్తిపోత కేంద్రాలు 75, 80 ఇస్తే గొప్ప. వాటిని కూడా ఉత్పత్తిలో కలిపేస్తే ఒకే యూనిట్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఇంకో చిన్న మెలిక ఉంది. కేంద్రంలో పుట్టిందంతా బయటికి రాదు. మిల్లులు, ఫ్యాన్లు, బాయిలరుకు నీళ్లు నెట్టే పంపులు, ఇవన్నీ ఆ కరెంటే తింటాయి. మా పాత సెట్టులో నూరు యూనిట్లు పుడితే ఎనిమిదో తొమ్మిదో మేమే మింగేవాళ్లం. కొన్ని పట్టికలు పుట్టినదంతా రాస్తాయి, కొన్ని బయటికి వచ్చినదే రాస్తాయి. ఏది రాసినా సరే, మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒకే పద్ధతిలో ఉండాలి. అలాగే ఫ్యాక్టరీలు సొంతానికి పెట్టుకున్న కేంద్రాలు, ఇళ్ల కప్పుల మీది సౌర పలకలు లెక్కలో ఉన్నాయో లేదో పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు. మొత్తం పట్టికలో మీరు కళ్లు పొడుచుకుని చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే.

శాతం పక్కనే మొత్తం రాయండి

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. శాతం తగ్గితే కాల్చడం తగ్గిందనుకుంటారు. ఒక దేశంలో ఏడాదికి 100 పాళ్ల కరెంటు పుడుతోంది, అందులో బొగ్గుది 80. పదేళ్ల తర్వాత అదే దేశంలో 140 పాళ్లు పుడుతోంది, బొగ్గు వాటా 65 శాతానికి తగ్గింది. పదిహేను శాతం తగ్గించామని ప్రకటన వస్తుంది. కట్టి చూస్తే 140లో 65 శాతం అంటే 91. బొగ్గు కాల్చడం 80 నుంచి 91కి పెరిగింది. కొత్త గిరాకీలో చాలా భాగాన్ని గాలి, ఎండ తీర్చాయి, పాత పొయ్యి మాత్రం ఆరలేదు సరికదా ఇంకాస్త ఎక్కువే మండింది. ప్రజల వాడకం ఇంకా పెరుగుతున్న దేశాలన్నింటికీ ఈ లెక్క కట్టి తీరాలి.

గిరాకీ పెరగని దేశాల్లో దీనికి తారుమారుగా ఉంటుంది. అక్కడ ఒక గాలిమర వస్తే ఒక పొయ్యి నిజంగానే ఆరుతుంది. అందుకే ప్రతి గడిలో శాతం పైన, యూనిట్లు కింద రాయించాను.

బొగ్గునూ గ్యాసునూ కలిపిన మొత్తంతో పాటు వాటిని విడివిడిగా కూడా ఉంచండి. బొగ్గు కేంద్రం ఒక యూనిట్‌కు దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువును చిమ్నీ నుంచి వదులుతుంది. మంచి గ్యాసు కేంద్రం అందులో సగం కంటే తక్కువే వదులుతుంది. గ్యాసు కేంద్రంలో మొదట గ్యాసు టర్బైను తిరుగుతుంది, దాని పొగ వేడితో ఆవిరి పుట్టించి ఇంకో టర్బైను తిప్పుతారు. అలా వేడిలో 60 శాతం దాకా కరెంటుగా మార్చుకోవచ్చు. మా సెట్టులో నూరు పాళ్ల వేడి పెడితే 35 కరెంటు అయ్యేది, మిగతాది కూలింగ్ టవరు మీదుగా, చిమ్నీ మీదుగా ఆకాశం పాలు.

ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పొద్దు

పదేళ్ల పట్టిక ఎందుకు అడిగానంటే, ఒక్క ఏడాది అబద్ధం ఆడగలదు. 2021లో బ్రెజిల్‌లో కరువు వచ్చి జలాశయాలు ఎండాయి, గ్యాసు వాడకం పెరిగింది. ఆ ఒక్క ఏడాది చూసినవాడు బ్రెజిల్ గ్యాసు దారి పట్టిందనుకుంటాడు. అణువిద్యుత్తుకు పేరుపడ్డ ఫ్రాన్స్‌లో 2022లో కొన్ని రియాక్టర్ల పైపుల్లో తుప్పు పగుళ్లు బయటపడి వరసగా ఆపాల్సి వచ్చింది. ఎప్పుడూ పొరుగువారికి కరెంటు అమ్మే దేశం నాలుగు దశాబ్దాల తర్వాత తొలిసారి, ఏడాది లెక్కలో, అమ్మినదానికంటే ఎక్కువ కొనుక్కుంది.

జపాన్ వరసను నోటుపుస్తకంలో తప్పకుండా వేయించాను. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా కేంద్రం దెబ్బతింది. తర్వాత ఒక్కొక్కటిగా రియాక్టర్లన్నీ ఆగాయి. అంతకు ముందు కరెంటులో మూడింట రెండు వంతుల దగ్గర ఉన్న శిలాజ వాటా రెండు మూడేళ్లలో 85 శాతం దాటింది. ఆ దేశం కొత్తగా బొగ్గును ప్రేమించలేదు. ఒక పక్క తలుపు మూసుకుపోతే ఇంకో పక్క నుంచి వచ్చింది అదే.

బ్రిటన్ వరస దీనికి ఎదురుగా నడుస్తుంది. ప్రజలకు కరెంటు అందించిన మొదటి బొగ్గు కేంద్రం 1882లో లండన్‌లోని హోబోర్న్ వయాడక్ట్ దగ్గర మొదలైంది. 2012లో కూడా అక్కడి కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే. 2017 ఏప్రిల్ 21న ఒక రోజంతా బొగ్గు లేకుండా గడిపారు. 2024 సెప్టెంబరు 30న చివరి కేంద్రం, రాట్‌క్లిఫ్ ఆన్ సోర్, ఆగింది. ఆ వార్త విన్న రోజు నేను కాసేపు మౌనంగా కూర్చున్నాను. చివరి షిఫ్టులో ముల్లు సున్నాకు దిగుతుంటే చూసినవాడెవడో నాకు తెలియదు కానీ, అతను కూర్చున్న కుర్చీ నాకు తెలుసు. పట్టిక మాత్రం ఇంకో గడి కూడా చూడమంటుంది. బొగ్గు సున్నా అయిన ఆ ఏడాది బ్రిటన్ కరెంటులో దాదాపు మూడో వంతు గ్యాసు నుంచే వచ్చింది. బొగ్గు నుంచి బయటపడటం, శిలాజాల నుంచి బయటపడటం రెండు వేర్వేరు పనులు.

సాయంత్రం ఏడు గంటలకు ఏం జరుగుతోంది

ఏడాది సగటు చూసి ఆగిపోతే సగం పనే అయినట్టు. రెండో పట్టిక, గంటగంటది, ఇప్పుడు తీయండి. బాగా ఎండ కాసిన ఒక రోజును ఎంచుకోండి. మధ్యాహ్నం 12, సాయంత్రం 7, తెల్లవారుజాము 3. ఈ మూడు గంటలకూ శిలాజ వాటా ఎంతో విడిగా కట్టండి.

ఇది ఎందుకో కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి ఒంటికి తెలుస్తుంది. నా ఉద్యోగం చివరి ఏళ్లలో పగటి షిఫ్టు స్వభావమే మారిపోయింది. పది గంటలకు ఫోను వస్తుంది, "లోడు తగ్గించండి" అని. పదకొండుకు మళ్లీ వస్తుంది, "ఇంకా తగ్గించండి" అని. గ్రిడ్‌లోకి సౌర కరెంటు ఉప్పొంగుతోంది మరి. 200 దగ్గర హాయిగా మండే బాయిలరును 120కి దించితే లోపల మంట వణుకుతుంది. ఫ్లేమ్ స్కానర్ దీపాలు ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి. మంట పూర్తిగా పోతే సెట్టు ట్రిప్పవుతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది, కాబట్టి ఆయిల్ గన్ను పెట్టి నూనె మంటతో నిలబెట్టేవాళ్లం. పూర్తిగా ఆపేయవచ్చు కదా అంటారు. ఆపితే, చల్లబడిన సెట్టును మళ్లీ వెలిగించి గ్రిడ్‌కు కలిపేసరికి గంటల కొద్దీ పడుతుంది. సాయంత్రానికి అందదు.

సాయంత్రమే అసలు పని. అయిదున్నరకు సూర్యుడు దిగడం మొదలవుతుంది, ఆరున్నరకు ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. ఒక పక్క సరఫరా జారిపోతోంది, ఇంకో పక్క గిరాకీ ఎక్కుతోంది. ఫోను మళ్లీ మోగుతుంది, "పెంచండి, పెంచండి" అని. మా పాత సెట్టు నిమిషానికి రెండు మెగావాట్ల చొప్పున ఎక్కేది, అంతకంటే తొందరపెడితే లోహం ఓర్చుకోదు. 120 నుంచి 200కి చేరడానికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో నేను మంచినీళ్లు తాగిన రోజులు తక్కువ.

ఈ గీతను కాగితం మీద గీస్తే మధ్యాహ్నం పొట్టలా కిందికి దిగి, సాయంత్రం మెడలా పైకి లేస్తుంది. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లో దీన్ని బాతుతో పోల్చారు, ఆ పేరే నిలిచిపోయింది. అదే కాలిఫోర్నియాలో తర్వాత బ్యాటరీలు పెరిగి, 2024లో కొన్ని సాయంత్రాలు కొద్దిసేపు అన్నిటికంటే ఎక్కువ కరెంటు ఇచ్చినవి అవే అయ్యాయి. బాతు మెడను గ్యాసు మోస్తోందా, బొగ్గు మోస్తోందా, నీళ్లు మోస్తున్నాయా, బ్యాటరీలు మోస్తున్నాయా అన్నది చూడండి. నన్నడిగితే ఒక దేశం ఎంత ఆధారపడి ఉందో తేల్చే ఒక్క అంకె చెప్పమంటే, ఏడాది సగటు చెప్పను. సాయంత్రం ఏడింటి అంకె చెబుతాను.

మధ్యాహ్నం 12కీ సాయంత్రం 7కీ పెద్ద తేడా లేని దేశాలు కూడా ఉంటాయి. పూర్తిగా నీటి మీద నడిచే పరాగ్వే, నీటితో పాటు భూమిలోని వేడినీ వాడుకునే ఐస్‌లాండ్ అలాంటివి. అక్కడ ఈ మెట్టు దాటేయవచ్చు. అలాగే రోజంతా గ్యాసు మీదే నడిచే దేశానికీ దాటేయవచ్చు, పూర్తిగా వ్యతిరేకమైన కారణంతో.

కాలుస్తున్నది ఎవరి ఇంధనం

చివరి గడి ఇది, త్వరగా అయిపోతుంది. ఒకే శాతం ఉన్న రెండు దేశాల పరిస్థితి ఒకటి కాకపోవచ్చు. పోలండ్ ఎక్కువగా సొంత గనుల బొగ్గు కాల్చింది, 2022లో కూడా దాని కరెంటులో 70 శాతం దాకా బొగ్గుదే. సింగపూర్ కరెంటులో దాదాపు 95 శాతం గ్యాసు నుంచి వస్తుంది, ఆ గ్యాసంతా బయటి నుంచి తెచ్చుకున్నదే. జపాన్ కూడా బొగ్గు, గ్యాసు ఓడల్లో తెప్పించుకుంటుంది. సొంత గనులున్నవాడికి గనుల కార్మికులు, ఆ ఊళ్ల బతుకుల చిక్కు. కొనుక్కునేవాడికి అమ్మేవాడితో చిక్కు. జర్మనీకి అది 2022లో అర్థమైంది. అంతకు ముందటి ఏడాది దిగుమతి చేసుకున్న గ్యాసులో సగానికి పైగా రష్యా నుంచే వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఆరు నెలలకు గొట్టంలో గ్యాసు ఆగిపోయింది. పక్కన పెట్టేసిన బొగ్గు కేంద్రాలను మళ్లీ వెలిగించాల్సి వచ్చింది.

సొంత బొగ్గు పుష్కలంగా ఉన్నా ధీమా లేదు. దక్షిణాఫ్రికా కరెంటులో 80 శాతానికి పైగా బొగ్గుదే, గనులూ సొంతమే. కానీ కేంద్రాలు ముసలివైపోయి మాటిమాటికీ ఆగుతూ, 2023లో ప్రజలు గంటల తరబడి కోతలు భరించారు.

ఈ గడిలో రెండే మాటలు రాయండి: సొంతమా, కొన్నదా. కొన్నదైతే ఎన్ని చోట్ల నుంచి. పొరుగు దేశం నుంచి నేరుగా కరెంటే కొంటుంటే దాన్ని కూడా ఇక్కడే రాయండి. లక్సెంబర్గ్ లాంటి దేశం తన కరెంటులో ఎక్కువ భాగం పొరుగు నుంచి తెచ్చుకుంటుంది. అక్కడ పుట్టినదాన్ని మాత్రమే చూస్తే లెక్క ముద్దుగా కనిపిస్తుంది కానీ, పొయ్యి పొరుగింట్లో మండుతూ ఉండవచ్చు.

పట్టిక నిండాక మేనకోడలితో ఒక నియమం పెట్టుకోమన్నాను. ఏ అంకె చెప్పినా నాలుగు విషయాలు వెంట ఉండాలి: ఏ దేశం, ఏ ఏడాది, పుట్టిన యూనిట్లలోనా సామర్థ్యంలోనా, బొగ్గు ఒక్కటేనా శిలాజాలన్నీనా. ఆమె రాసుకున్న మొదటి వాక్యం ఇలా ఉంది: "2024లో భారతదేశంలో పుట్టిన యూనిట్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచి వచ్చాయి. మరుసటి ఏడాది జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం." చదివి వినిపించి, "మామయ్యా, ఇందులో ఊపు లేదు" అంది. ఊపు కావాలంటే గొంతులో పెట్టుకో, అంకెలో పెట్టకు అన్నాను.

ఇక పెన్సిలు సంగతి. ఈ సంస్థలన్నీ కిందటి ఏడాది అంకెలను మరుసటి ఏడాది సవరిస్తాయి. ఫ్యాక్టరీల లెక్కలు ఆలస్యంగా అందుతాయి, ఇళ్ల కప్పుల మీది సౌరం అంచనా మారుతుంది. సవరణ ఒక శాతం లోపే ఉండవచ్చు, కానీ ఉంటుంది. ఏటా ఒకసారి రబ్బరు తీసుకుని చివరి రెండు నిలువు వరసలూ చెరిపి మళ్లీ రాయండి. పెన్నుతో రాసినవాళ్లు అది కొట్టేయడానికి మనసొప్పక పాత అంకెనే పట్టుకు తిరుగుతూ ఉంటారు, నాకు తెలిసినవాళ్లే ఇద్దరున్నారు.